మూడంగుళాల ఎత్తు: మదనపల్లె నుంచి కుప్పం దాకా

మదనపల్లె టమోటా మార్కెట్‌కి పొద్దున్నే వెళ్తే, టమోటాల కంటే ముందు కనిపించేవి పికప్ బండ్ల వెనక భాగాలు. ఏ బండి ఎంత కుంగిందో చూసి లోపల ఎన్ని క్రేట్లున్నాయో చెప్పేస్తాడు మా బావ. క్రేట్‌కి పాతిక ముప్పై కిలోలు. రేటు బాగుంటే నవ్వులు, లేకపోతే మండీ ముందు మౌనం. 2023 జులై చివర్లో ఇదే మార్కెట్‌లో కిలో 200 దాకా పోయింది. తెచ్చిన కాయలకి బండి బాడుగ కూడా రాని రోజుల్నీ ఇదే మార్కెట్ చూసింది.

ఆ రోజు బావ బండి మాత్రం కుంగలేదు. అన్ని బండ్లూ వెనక్కి చతికిలబడి ఉంటే, మాది ఒక్కటే తోక పైకెత్తి నిలబడింది. "చూసినావా బామ్మర్దీ, మూడంగుళాలు లేపిచ్చినా" అన్నాడు. ఫోన్ తీసి ఫొటో కూడా కొట్టించుకున్నాడు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. చదివింది మెకానికల్, చేసేది జావా. మా టీమ్ లీడ్‌కి ఒక ఇసుజు వి-క్రాస్ ఉంది, కిట్ వేయించి ఎత్తు పెంచి వీకెండ్లకి సకలేశ్‌పూర్ వెళ్తుంటాడు. ఆ బండి తయారయ్యేది మన ఉమ్మడి చిత్తూరు జిల్లా శ్రీసిటీలోనే, 2016 నుంచి. కాబట్టి 'లిఫ్ట్' అనే మాట నాకు కొత్త కాదు. కానీ టీమ్ లీడ్ బండిలో వెనకాల ఉండేది ఒక టెంటు, రెండు కుర్చీలు. బావ బండిలో ఉండేది బతుకు. ఈఎంఐ ఇంకా పధ్నాలుగు నెలలుంది.

తోటల్లోకి పోయే బండ్ల బాటలో గుంతలకి కింద తగులుతోందని, లోడు వేస్తే వెనక కూర్చుండిపోతోందని, ఎవరో చెప్తే ఒక వెల్డింగ్ షాపులో ఇరుసుకీ కమాన్ కట్టలకీ మధ్య ఇనుప దిమ్మలు పెట్టించాడు. వాటినే లిఫ్ట్ బ్లాకులంటారు. అసలు కట్టలో ఒక పట్టీ పెంచే బదులు దిమ్మ పెట్టడం చవక, అరపూటలో అయిపోతుంది.

టమోటాలు దించాక అసలు బాడుగ మొదలైంది. కుప్పంలో గంగమ్మ జాతర. మే నెల. మదనపల్లెలోని ఒక లైటింగ్ ఆయన సీరియల్ సెట్లు, ఇనుప స్తంభాలు బండిలో వేశాడు, వెనక రెండు చక్రాల ట్రాలీ మీద జనరేటర్ తగిలించాడు. ట్రాలీ ఏడెనిమిది వందల కిలోలు ఉంటుంది. కేబుల్ చుట్టలన్నీ ట్రాలీ తోక మీద పడేసి తాడు కట్టారు. రాత్రి ఎనిమిదికల్లా కుప్పంలో ఉండాలి. "పోతే పోదాం రా, పుంగనూరులో టీ తాగుదాం" అన్నాడు బావ. శుక్రవారం కదా, లాప్‌టాప్ మూసేసి ఎక్కేశాను.

మదనపల్లె నుంచి పుంగనూరు ముప్పై కిలోమీటర్లు. ఎన్‌హెచ్ 42. ఇదే దారి పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి వెళ్తుంది. ఊరు దాటుతుంటే బావ బీటీ కాలేజీ రోడ్డు వైపు చెయ్యి ఊపాడు. 1919లో టాగూర్ ఈ ఊళ్ళో ఉండి జనగణమనని ఇంగ్లీషులోకి రాసింది ఆ కాలేజీలోనే. చిన్నప్పట్నుంచీ ప్రతి చుట్టానికీ మేం చెప్పే మొదటి ముక్క ఇదే. బావకి రోడ్డు తప్ప ఏమీ పట్టదనుకునేవాణ్ణి, కానీ ఆయన కూడా చెప్పాడు.

పదిహేను కిలోమీటర్లు బాగానే సాగింది. తర్వాత ఒక దిగుడు. స్పీడు అరవై ఉంటుందేమో. వెనక నుంచి ఎవరో బండిని పట్టుకుని అటూ ఇటూ ఊపినట్టనిపించింది. అద్దంలో చూస్తే జనరేటర్ ట్రాలీ కుడికి పోయింది, ఎడమకి వచ్చింది, మళ్ళీ ఇంకా ఎక్కువ కుడికి పోయింది. ఎదురుగా ఆర్టీసీ బస్సు. బావ బ్రేకు తొక్కాడు. బండి ముక్కు కిందికి వంగింది కానీ ఆగాల్సినంత తొందరగా ఆగలేదు. ఎలాగో మట్టి మార్జిన్‌లోకి దిగాం. బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్. "తిన్నారా?" అంది. "ఆ, తిన్నాం" అన్నాడు బావ. తినలేదు.

పుంగనూరు దాకా ముప్పై స్పీడులో పాక్కుంటూ వచ్చాం. ఊరి మొదట్లో కమాన్ కట్టలు కట్టే షెడ్డు ఒకటుంది. మేస్త్రీకి అరవై దాటాయి. బండి చూసి ముందు నవ్వాడు. "పొట్టి ఆవుల ఊరికి ఇంత ఎత్తు బండి ఏసుకొచ్చినారే నైనా" అన్నాడు. పుంగనూరు ఆవు తెలుసుగా, మూడడుగులైనా ఉండదు, 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఆ జాతి మొత్తానికే పోకుండా కాపాడినదాంట్లో పలమనేరు పశు పరిశోధన కేంద్రానిది పెద్ద పాత్ర. మాకు మాత్రం ఆ సాయంత్రం ఒక్క ఆవూ కనబడలేదు.

మేస్త్రీ మొదట బండి జోలికి పోలేదు. ట్రాలీ కొండీ విప్పి, ఒంటి చేత్తో పైకి లేపాడు. అంత సులువుగా లేచింది. "ఇదీ మీ రోగం" అన్నాడు.

ట్రాలీ మొత్తం బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా కొండీ మీద పడాలన్నది లాగే బండ్లకి మామూలుగా చెప్పే లెక్క. మా ట్రాలీకి అది డెబ్బై కిలోలకి పైమాటే, ఒంటి చేత్తో లేపేది కాదు. మరి మా బరువు ఎక్కడికి పోయింది? కేబుళ్ళు తోక మీదున్నాయి, అది మొదటి తప్పు. బావ బండి మూడంగుళాలు లేచింది కాబట్టి కొండీ కూడా లేచింది, ట్రాలీ ముక్కు పైకెత్తింది, ఉన్న బరువు ఇంకొంచెం వెనక్కి జారింది. వెనక బరువున్న ట్రాలీకి ఒకసారి ఊపు వస్తే అది తగ్గదు, స్పీడుతో పెరుగుతూ పోతుంది. అమెరికాలో లిఫ్ట్ చేసిన పికప్‌లకి కిందికి వంచిన కొక్కెం వేరే అమ్ముతారు, ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

"మరి బ్రేకు ఎందుకు పట్టలేదు మేస్త్రీ?" అని అడిగా.

బండి కిందికి దూరి టార్చ్ వేసి చూపించాడు. ఛాసిస్‌కీ ఇరుసుకీ మధ్య సన్నటి కడ్డీ ఒకటుంది, ఒక వాల్వుకి కట్టి. చాలా పికప్‌లలో ఉంటుంది. లోడు పడి బాడీ ఇరుసు వైపు కుంగితే ఆ కడ్డీ కదులుతుంది, వెనక చక్రాలకి బ్రేకు ఎక్కువ పంపమని చెప్తుంది. ఖాళీ బండి అయితే తక్కువ పంపుతుంది, లేకపోతే వెనక చక్రాలు లాకై జారతాయి. ఇప్పుడు మధ్యలో దిమ్మలు పెట్టాం. నెత్తిన టన్ను బరువున్నా బాడీ ఇరుసుకి దూరంగానే ఉంది. కడ్డీ ఏమనుకుంది? బండి ఖాళీ అనుకుంది. పాపం దాని తప్పేముంది, ఇన్‌పుట్టే తప్పు. నాలుగేళ్ళుగా ప్రొడక్షన్ బగ్గులు వెతికే నాకు కూడా ఇంత క్లీన్ బగ్ దొరకలేదు.

"పెట్టినోడు ఈ కడ్డీ సరి చెయ్యలేదు" అన్నాడు మేస్త్రీ. దిమ్మలు కూడా ఒక్కో వైపు రెండేసి, ఒకదాని మీద ఒకటి. బ్రేకు వేసినప్పుడు, గేరు లాగినప్పుడు ఇరుసు మెలి తిరగబోతుంది, కట్టలు దాన్ని పట్టి ఆపాలి. దిమ్మ ఎంత ఎత్తుంటే ఆ మెలిక కట్టల మీద అంత ఎక్కువగా పనిచేస్తుంది. యూ బోల్టుల నట్లు రెండు స్పానర్ పెట్టగానే తిరిగాయి.

బావకి కోపం వచ్చింది. మేస్త్రీ మీదో, వెల్డింగ్ షాపు మీదో, నా మీదో తెలీదు. "లోడు తట్టుకుంటాదనే కదా పెట్టిచ్చింది?" అన్నాడు.

"పీట ఎక్కితే ఎత్తయితావు నైనా, బలమొస్తాదా?" అన్నాడు మేస్త్రీ. కట్టలు అవే, వాటి బలం అదే. దిమ్మ ఎత్తు ఇస్తుంది, మోసే శక్తి ఇవ్వదు. పైగా బండి బరువంతా పైకి పోయి మలుపుల్లో వాలుతుంది.

నేను చట్టం గురించి కూడా నోరు విప్పాను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కి 20,000, అదనపు టన్నుకి ఇంకో 2,000. బావ నా వైపు చూసిన చూపుకి ఆపేశాను. టమోటా సీజన్‌లో మార్కెట్ గేటు దగ్గర నిలబడి ఆ సెక్షన్లు చదివితే ఎవరూ వినరు. నిజానికి క్రేట్‌కింత అని బాడుగ మాట్లాడే చోట, బండి మీద రాసున్న బరువు దగ్గర ఆగమంటే నష్టపోయేది బండోడే. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, కానీ అది బావ మీద కాదు.

దిమ్మలు తీయడానికి రెండున్నర గంటలు. పొడుగు యూ బోల్టులు తీసి పాత సైజువి వేశాడు, కడ్డీ సరిచేశాడు, కేబుల్ చుట్టలన్నీ ముగ్గురం మోసి ట్రాలీ ముందు వైపుకి మార్చాం. ఈసారి కొండీ ఎత్తడానికి నేను రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. "వంద కిలోమీటర్లు పోయినాక నట్లు మళ్ళా బిగించు, మర్చిపోవద్దు" అని రెండుసార్లు చెప్పాడు మేస్త్రీ. ఈ మధ్యలో లైటింగ్ ఆయన ఆరుసార్లు ఫోన్ చేశాడు. మొదట బావా, తర్వాత అబ్బా, చివరికి వేరే మాటలు.

పుంగనూరు వదిలేసరికి ఎనిమిదయింది. పలమనేరులో ఆగలేదు. ఆ పక్క కౌండిన్య అడవి, ఏనుగులుంటాయి, రాత్రిపూట ఎవరూ ఊరికే ఆగరు. వి.కోట దాటాక బోర్డుల మీద తమిళం, కన్నడం కలిసిపోతాయి. నలభై దాటనివ్వలేదు బావ. దిగుళ్ళ దగ్గర మాత్రం అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు. ట్రాలీ గీత గీసినట్టు వెంట వచ్చింది. గ్రానైట్ లారీలు మమ్మల్ని దాటుకుని పోయాయి.

కుప్పం చేరేసరికి పదకొండు. ఊరంతా మేలుకునే ఉంది, ఇంకెవరో అప్పటికే వేరే జనరేటర్ పెట్టేశారు. మాది రెండో వీధికి ఇచ్చారు. బాడుగలో వెయ్యి కోశారు. బావ అడిగాడు, పోట్లాడలేదు. రోడ్డు పక్కన ఇడ్లీ తిన్నాం. అక్కకి ఫోన్ చేసి, "ఇప్పుడు తిన్నాం" అన్నాడు. ఏదో పసిగట్టిందేమో, "అయితే ఇందాక?" అంది. ఫోన్ నాకిచ్చేశాడు.

పొద్దున నేను కుప్పం స్టేషన్‌లో బెంగళూరు రైలెక్కాను. బావ స్పానర్ తీసుకుని నట్లు బిగిస్తున్నాడు. దిమ్మలు నాలుగూ క్యాబిన్‌లో నా సీటు కింద దొర్లుతూ వచ్చాయి. పాత ఇనుముకి ఇచ్చేస్తాడనుకున్నా. ఇప్పుడు వాళ్ళ ఇంటి ముందు ఏటవాలు ఉంది కదా, అక్కడ బండి ఆపినప్పుడు వెనక టైర్లకి అడ్డంగా పెడుతున్నాడు.