ఎడింబరో ఇంట్లో శివారు గది

బరంపురంలో పుట్టి పెరిగిన మాకు చలి అంటే సంక్రాంతి రోజుల నాలుగు తెల్లవారుజాములే. అమ్మాయి పురుటికని 2023 డిసెంబరులో స్కాట్లండు ముఖ్యపట్టణమైన ఎడింబరో చేరిన తరువాత గాని ఆ మాటకు అసలు అర్థం తెలియలేదు. ఆ నెలలో అక్కడ ఉదయం ఎనిమిదిన్నర దాటితే గాని సూర్యుడు రాడు. మధ్యాహ్నం మూడున్నర దాటగానే సెలవు పుచ్చుకుంటాడు. ఊరి నడుమ కోట నిలిచిన గుట్ట ఒకప్పటి అగ్నిపర్వతమట! ఆ నిప్పు చల్లారి కోట్ల ఏండ్లయింది. ఇప్పటి నిప్పు వంటింటి గోడకు బిగించిన బాయిలరులో ఉన్నది.

ఆ ఏర్పాటు చెప్పవలెను. మా అమ్మాయి ఇంట్లో బాయిలరు గ్యాసుతో నీళ్ళు కాచుతుంది. పంపు ఆ నీళ్ళను గొట్టాల వెంట గదిగదికీ తోస్తుంది. ప్రతి గదిలోను రేడియేటరనే ఉక్కు పలక ఉంటుంది. నీళ్ళు దానిలో తమ వేడిని వదలి, మరల బాయిలరుకు చేరుతాయి.

బిడ్డ పుట్టిన పదవనాడు చిక్కు వచ్చింది. కింద హాలులో ఉడుకు, మేడమీద గదులలో వణుకు! అన్నిటికన్న చివరిదైన పసిబిడ్డ గదిలో 13 డిగ్రీలే ఉన్నది. పసివాళ్ళు పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండవలెనని అక్కడివారు చెబుతారు. ఆనాడు శనివారం, మిస్త్రీ సోమవారం గాని రాడు. తొట్టెను హాలులోకి దించి, బాలింత దాని పక్కన కుర్చీలోనే తెల్లవార్లూ కూర్చున్నది. చూస్తూ ఊరుకోవడం మా వల్ల కాలేదు.

"మామయ్యగారూ, సోమవారం దాకా ఆగుదామండీ" అంటూనే అల్లుడు పక్కింటి పెద్దమనిషిని పిలుచుకొని వచ్చాడు. ఆయన రేడియేటర్లను చేత్తో తడిమి మూడు గుర్తులు చెప్పాడు. పైభాగం చల్లగా, అడుగు వెచ్చగా ఉంటే లోపల గాలి చేరినట్లు. అడుగు చల్లగా ఉంటే తుప్పు మడ్డి పేరుకొన్నట్లు. అంతా చల్లగా ఉంటే వాల్వు పట్టేసినట్లో, నీళ్ళే అందనట్లో.

బాయిలరు ఆపి, నీళ్ళు చల్లారనిచ్చాము. రేడియేటరు పైమూలకు కింద గుడ్డ పట్టి, ఆయన ఇచ్చిన చిన్న తాళంచెవితో అక్కడి మరను కొంచెం వదులు చేశాము. బుస్సుమని గాలి పోయింది. నీటిచుక్క కనబడగానే బిగించాము. గాలితో పాటు ఒత్తిడీ తగ్గుతుంది గనుక, బాయిలరు ముల్లు 1కీ 1.5కీ మధ్యకు వచ్చేదాకా మళ్ళీ నీరు పట్టాము. రెండు గదులు వెచ్చబడ్డాయి. బిడ్డ గది మాత్రం మంచే! దాని వాల్వు మూత తీసి చూస్తే లోపలి సీల బాగానే ఆడుతున్నది.

అప్పుడు మాకు ఋషికుల్య కాలువ జ్ఞాపకం వచ్చింది. మా తాతగారి చేను శివారున ఉండేది. ఎగువవాళ్ళు తూములు బార్లా తెరిస్తే మాకు చుక్క దక్కేది కాదు. ఇక్కడా అంతే కాబోలు! బాయిలరుకు దగ్గరి రేడియేటర్లే నీళ్ళన్నీ లాగేస్తున్నాయి. ఒక్కొక్కదానికి రెండవ కొసన మూత కింద ఇంకొక వాల్వు ఉంటుంది. పానా పట్టి, ఎన్ని చుట్లు తిప్పామో కాగితం మీద వ్రాసుకొంటూ, కింది రేడియేటర్లకు వాటిని కొంత బిగించాము. బిడ్డ గదిది పూర్తిగా తెరిచాము.

సాయంత్రానికి ఆ గదిలో 18 డిగ్రీలు!

బాయిలరు లోపల మాత్రం చేయి పెట్టలేదు. గ్యాసు పని నమోదైన మిస్త్రీలే చేయవలెనని అక్కడి చట్టం. సోమవారం వచ్చిన మిస్త్రీ అంతా చూచి, మా కాగితాన్ని బాయిలరు పక్కనే అంటించి పోయాడు.

హాలులో మాత్రం వేడి కొంచెం తగ్గింది. మేము శాలువలు కప్పుకొన్నాము. మేడమీద తల్లీబిడ్డలు హాయిగా నిద్రపోయారు.