అరుగు లేని ఇల్లు

మెల్‌బోర్న్‌కు పడమట టార్నీట్‌లో మా అబ్బాయి ఇల్లు. ఈ నేల ఆదివాసుల భాషలో ఆ పేరుకు తెలుపు అని అర్థమట. వీధివైపు ప్రహరీ లేదు; పచ్చిక నేరుగా కాలిబాటను తాకుతుంది. నిలువెత్తు చెక్క కంచె పెరటికే. బతుకంతా అటువైపే! వచ్చి నెల దాటినా పొరుగువారి ముఖమెరుగను.

కాటారంలో మా ఇంటికి వీధి అరుగే ప్రాణం. 2016లో ఊరు కరీంనగర్ జిల్లా నుండి భూపాలపల్లి జిల్లాకు మారినది గాని, అరుగు మారలేదు. బడి విడిచాక పిల్లలకు ఛందస్సు చెప్పినదీ, నా ఇల్లాలు పోయిననాడు ఊరు వచ్చి కూర్చున్నదీ దానిమీదనే. ఆ ఇల్లు అమ్ముదామని అబ్బాయి పట్టు. "అక్కడ ఇంకెవరున్నరు బాపూ?" అంటాడు. నావద్ద సమాధానం లేదు.

డిసెంబరులో ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటితే గాని ప్రొద్దు గ్రుంకదు. ఒకనాటి సాయంకాలం గ్యారేజి ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాను. ఎదురింటి సర్దార్జీ చూచి, తన కుర్చీ మోసుకొని వచ్చారు. ఆయనకూ జలంధర్ దగ్గర ఇల్లుండేదట. "అమ్మేశారా?" అని నాకు వచ్చిన హిందీలో అడిగాను.

"అమ్మాను. ఒక తాళంచెవి మాత్రం ఇయ్యలేదు" అన్నారు.

ఆ రాత్రి అబ్బాయితో చెప్పాను: "నేనున్నన్ని దినాలు ఉండనియ్యి బిడ్డా; తర్వాత నీ ఇష్టం."

మరునాడు సాయంకాలం నేను వెళ్ళేసరికే సర్దార్జీ కుర్చీ వేసుకొని కూర్చున్నారు.