పడకగది లేని ఇల్లు

కోయంబత్తూరు పీలమేడులో మా పాత ఇంట్లో పడకగది అనేదే లేదు. అయినా పండక్కి వచ్చిన చుట్టాలతో కలిపి పాతికమందిమి హాయిగా పడుకునేవాళ్లం. ఎండాకాలం మగవాళ్లు వీధి తిన్నె మీద, ఆడవాళ్లూ పిల్లలూ ఇంటి నడుమ ఆకాశం కనబడే తొట్టి చుట్టూ పంచలా ఉన్న తాళ్వారంలో, వానాకాలం అందరూ లోపలి పెద్దగది కూడంలో. తెల్లారి చాపలు చుట్టి మూలకు నిలబెడితే ఆ చోటే వడ్డనకు, పూలు కట్టడానికి, మా ఎక్కాలకు పనికొచ్చేది.

విజయనగర రాజుల కాలంలో, ఆ తర్వాత మదురై నాయకుల కాలంలో దక్షిణాదికి దిగిన తెలుగు కుటుంబాల్లో చాలామంది నల్లరేగడి చూసుకుని నిలిచిపోయారు. మావాళ్లూ అంతే. నల్లరేగడి అంటే పత్తి. తమిళ లెక్కన మాసి నెలలో పత్తి ఇంటికొస్తే కూడం ఇక మాది కాదు. కిటికీ ఎత్తుదాకా తెల్లటి గుట్ట. జిన్నింగ్ ఫ్యాక్టరీకి బండి కట్టేదాకా మేం దాని మీదికి దూకడం, ముక్కుల్లో నూగు నింపుకుని తుమ్మడం, అవ్వ కర్ర పట్టుకుని రావడం. “ఒరే సామీ, అది మీ తాత అప్పు తీర్చే సరుకురా, తొక్కబాకండి!” అనేది. ఆ నెలంతా భోజనాలు తాళ్వారంలోనే. పత్తి పోయాక అదే కూడంలో మా చిన్నత్త నిశ్చితార్థం జరిగింది.

వాన పడితే నాలుగు వైపుల పెంకుల కప్పు నుంచి నీళ్లు తొట్టిలోకి దూకేవి. అవ్వ మొదటి జల్లును పోనిచ్చి, పెంకులు కడుక్కుపోయాక గంగాళాలు పెట్టేది. ఆడి నెలలో పాలక్కాడు కనుమ నుంచి పడమటి గాలి విసురుగా కొట్టేది. వంటిల్లు ఆగ్నేయ మూలన ఎందుకని అడిగితే తాత వాస్తు చెప్పలేదు. “పడమటి గాలికి పొగ ఇంట్లోకి రాకుండా బయటికి పోవద్దా?” అన్నాడు. 1932లో పైకారా జలవిద్యుత్తు మొదలయ్యాక మిల్లులకూ బావుల మోటార్లకూ కరెంటొచ్చింది, ఆ వెనక ఇళ్లకు. మా ఇంట్లో వంటింటికీ కూడానికీ నడుమ గోడలో ఒక చదరపు కన్నం కొట్టి అందులో ఒకే బల్బు వేలాడదీశారు. ఒక దీపం, రెండు గదులు.

అమ్మ పుట్టిల్లు మదురై. అక్కడి ఇల్లు వేరే తీరు. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి తలుపు దాకా ఒకటే చూపు. రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలే కాబట్టి కిటికీలు లేవు. వెలుగూ గాలీ నడుమనున్న చిన్న తొట్టి, అక్కడివాళ్ల మాటలో ముట్రం నుంచి రావాల్సిందే. దగ్గర్లోనే తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహల్. మామ నన్ను అక్కడికి తీసుకెళ్లి, ఆ లావాటి స్తంభాల నడుమ ఆరుబయలు చూపించి, “చూడరా అల్లుడూ, రాజుదైనా మనదైనా ఇల్లంటే నడుమ ఖాళీయే” అన్నాడు.

ఆ మహల్లోనూ ఇప్పుడు మిగిలింది కొంతే. తిరుమల నాయకుడి మనవడు చొక్కనాథుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చి, చాలా భాగం ఊడబెరికించి తీసుకుపోయాడంటారు. మా ఇల్లూ వారసుల చేతిలోనే పోయింది. 1926లో మా ఊరి పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని ఐదు వాటాలు వేసి, ఐదోది ధర్మానికి రాశారు, పి.ఎస్.జి. విద్యాసంస్థలు అలా పెరిగినవే. ఆ సంగతి గొప్పగా చెప్పే మా ఇంట్లో ఐదో వాటా మాట ఎవరూ ఎత్తలేదు. తొట్టి మధ్యలో గోడ లేచింది. అటు చీకటి, ఇటు చీకటి. తర్వాత రెండు ముక్కలూ అమ్ముడుపోయాయి.

ఇప్పుడు మాది అదే కోయంబత్తూరులో మూడు పడకగదుల ఫ్లాట్. బిల్డర్ ఇచ్చిన ప్లాను ముందేసుకుని పెన్సిల్ పట్టాను. స్తంభాలనూ దూలాలనూ ముట్టుకోవద్దు, నీళ్ల పైపులు దిగే చోటు కదపొద్దు, మధ్యలో ఇటుక గోడలు మీ ఇష్టం అన్నాడు ఇంజినీరు. హాలుకూ మూడో పడకగదికీ నడుమ గోడ తీసేసి మడత తలుపులు పెట్టించాను. మూస్తే గది, తీస్తే కూడం. సోఫా మానేసి గోడ వెంబడి తిన్నెలా ఎత్తు కట్టించాను. దాని కింద పరుపులు, పైన మనుషులు. పడమటి కిటికీకి ఎదురుగా తూర్పున మరో కిటికీ తీయించాను. వచ్చిన గాలికి పోయే దారి ఉండాలి కదా. పిండి రుబ్బే వెట్ గ్రైండర్‌ను 1955లో కనిపెట్టిన ఊరు మాది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అలాంటి ఊళ్లో కట్టిన వంటింటి ప్లానులో గ్రైండర్‌కు చోటే లేదు! వంటింటి బాల్కనీలో దానికో గట్టు, పిండి కడిగిన నీళ్లు పోయే తూము పెట్టించాను. తొట్టి మాత్రం రాలేదు. నెత్తిమీద ఇంకో ఐదు కుటుంబాలు కాపురముంటుంటే ఆకాశం ఎక్కణ్నించి తేను?

ఇల్లు కొనేవాళ్లకూ కట్టేవాళ్లకూ ఒకటే మాట. ఎన్ని పడకగదులు అని మొదలుపెట్టకండి. పొద్దున లేచింది మొదలు మీ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏ పని ఎక్కడ చేస్తారు, పదిమంది వస్తే ఎక్కడ పడుకుంటారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. గోడలు ఆ తర్వాత గీయండి.