లావు అక్షరం, వాలు అక్షరం

అక్షరాలకీ ఒళ్ళూ, నడకా ఉంటాయంటే నవ్వుతారేమో! ఈసారి బజారుకి వెళ్ళినప్పుడు కాస్త గమనించండి. సబ్బు పెట్టె మీద ‘కొత్తది’ అనో, చీరల షాపు బ్యానరు మీద ‘తగ్గింపు’ అనో రాసిన అక్షరాలు లావుగా, ముందుకు వాలి పరుగెడుతున్నట్టు ఉంటాయి. ఇంగ్లీషులో అయితే వాటి కొసల్లో చిన్న గీతలు కూడా ఉండవు. వీటిని బోల్డ్ ఇటాలిక్ శాన్స్ సెరిఫ్ అంటారని డిజైనింగ్ చదువుతున్న మా అమ్మాయి చెప్పింది. బోల్డ్ అంటే లావు, ఇటాలిక్ అంటే వాలు, శాన్స్ సెరిఫ్ అంటే కొసగీతలు లేనివి.

వాలు అక్షరాలు చాలా పాతవి. 1501లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త చేతిరాత పోలికతో ఉన్న ఆ అక్షరాలతో పుస్తకం అచ్చువేశాడు. కొసగీతలు లేని అచ్చక్షరాలు 1816 ప్రాంతంలో లండన్‌లో వచ్చాయి. 1927లో జర్మనీలో పాల్ రెన్నర్ ‘ఫ్యూచురా’ అనే అక్షరాలు తయారుచేశాడు. అందులో ఇంగ్లీషు ‘ఓ’ గాజులా గుండ్రంగా ఉంటుంది. వాటి వాలు రకానికి చేతిరాత వంపులేమీ పెట్టలేదు, నిటారు అక్షరాన్నే పక్కకి ఒంచారు.

ఆ లావు, వాలు ఫ్యూచురాని లోకానికి బాగా చూపించింది ఒక స్త్రీయే. అమెరికాలో బార్బరా క్రూగర్ మొదట మనలాంటి ఆడవాళ్ళు చదివే పత్రికలో పేజీలు దిద్దే ఉద్యోగం చేసింది. తర్వాత చిత్రకారిణి అయి, నలుపు తెలుపు ఫోటోల మీద ఎర్రని పట్టీ వేసి, అందులో తెల్లగా ఈ అక్షరాలతో నాలుగే నాలుగు మాటలు రాసేది. 1989లో వాషింగ్టన్‌లో జరిగిన స్త్రీల ఊరేగింపు కోసం ఆమె చేసిన పోస్టరు ఎంతో పేరు పొందింది.

నాలుగే మాటలు! కిటుకంతా అక్కడే ఉంది. అక్షరం లావెక్కిన కొద్దీ దాని పొట్టలోని ఖాళీ తగ్గిపోతుంది. దానికితోడు వాలిస్తే పక్కదానికి ఆనుకుంటుంది. మన తెలుగులో ఇంకా చిక్కు. ‘ధ’ పొట్టలో చుక్క పెడితేనే కదా ‘థ’! లావు చేస్తే ఆ చుక్క కాస్తా పూడిపోతుంది.

మా అత్తయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. తన మాత్రలు తనే చూసుకుంటారు. ‘‘చూపున్నన్నాళ్ళూ ఒకరిని అడగనమ్మా’’ అంటారు. ఒకసారి మందుల కవరు మీద అంకెలన్నీ లావుగా, వాలుగా, చిన్నగా ఉండి 3 ఏదో 8 ఏదో తేలక నా దగ్గరికి తెచ్చారు. ఆవిడ మొహం చిన్నబోవడం చూసి నా ప్రాణం ఉసూరుమంది. మా అమ్మాయి చేత పెద్దగా, నిటారుగా, ఎడంగా ఉన్న అక్షరాలతో చీటీలు తీయించి డబ్బాలకి అంటించాను. ‘రాత్రికి మాత్రమే’ అన్నది ఒక్కటే లావుగా, వాలుగా వేయించాను. ఇప్పుడు నన్ను పిలవరు.

మీరు ఇంట్లో పచ్చళ్ళో పొడులో చేసి అమ్ముతుంటే లేబుల్ మీద పేరుకో, ‘కారం ఎక్కువ’ అన్న హెచ్చరికకో ఈ అక్షరాలు వాడండి. దినుసులు, తేదీలు, తూకం మాత్రం నిటారుగా ఉండాలి. తాలింపులో ఇంగువ చిటికెడే కదా వేస్తాం! ఇదీ అంతే. ఏమంటారు?