కొండ మట్టి కోనసీమ చేరే దారి

కోనసీమలో కొండ లేదు, జలపాతం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లా అయిన తర్వాత కూడా అమలాపురానికి రైలు లేదు. ఈ మూడూ చూడాలంటే గోదారి గట్టు పట్టుకుని పైకి పోవలసిందే. కార్తీకమాసంలో వనభోజనాల పేరుతోనో, సంక్రాంతికి ఊళ్లు నిండినప్పుడో అమలాపురం, కొత్తపేట, రాజోలు నుంచి జనం వ్యాన్లు మాట్లాడుకుని తెల్లారకముందే బయల్దేరతారు. పాపికొండలో, మారేడుమిల్లో చూసి రాత్రికి ఇల్లు చేరతారు. వేరే దేశం చూసొచ్చినట్టు వారం రోజులు చెప్పుకుంటారు. నన్నడిగితే వాళ్లు చూసొచ్చింది తమ పొలాల పుట్టిల్లు. కొబ్బరితోట పాదులో ఉన్న ప్రతి గుప్పెడు మట్టీ ఎగువ నుంచి వరదతో దిగివచ్చిందే. ప్రాణహిత తెచ్చింది కొంత, ఇంద్రావతి తెచ్చింది కొంత, శబరి తెచ్చింది కొంత.

అందుకే పైకి వెళ్లేటప్పుడు ఎంత హడావుడిగా వెళ్లినా, దిగి వచ్చేటప్పుడు మాత్రం ఏటితో పాటే దిగాలంటాను. ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఒక్కో ఆదివారం ఒక్కో మజిలీ చొప్పున చూసుకోవాలి.

త్రయంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచే నది ఇది. కూనవరం దగ్గర శబరిని కలుపుకున్నాక తూర్పు కనుమల్లోకి దూరుతుంది. భద్రాచలం దగ్గర ఆవలి గట్టు మసకగా కనిపించేంత వెడల్పున్న గోదావరి, పాపికొండల మధ్యకు వచ్చేసరికి ఒద్దికగా ఒదిగిపోతుంది. వెడల్పు తగ్గినచోట లోతు పెరుగుతుంది. చలికాలంలో అక్కడ నీళ్లు కదులుతున్నాయా లేదా అన్నట్టుంటాయి. లాంచీ పై అంతస్తు మీద నిలబడితే రెండు వైపులా కొండలు ఒకదాని వెనక ఒకటి తెరలు తీసినట్టు తప్పుకుంటూ దారి ఇస్తాయి. పేరంటాలపల్లి దగ్గర లాంచీ ఆగుతుంది. మెట్లెక్కి వెళితే శివాలయం, పక్కనే కొండ మీంచి జారే వాగు. జనం ఫొటోలు తీసుకునేది ఎక్కువగా అక్కడే. నేనైతే ఆ వాగు నీళ్లలో కాసేపు చెయ్యి పెట్టి ఉంచమంటాను. అంత చల్లటి నీళ్లు డెల్టాలో ఎక్కడా దొరకవు.

ఏటి ప్రశాంతతను నమ్మి వానాకాలం చివర్లో లాంచీ ఎక్కడం ఎంత ప్రమాదమో 2019 సెప్టెంబరు 15న తెలిసింది. ఆ ఆదివారం వరద మీదున్న ఏట్లో, కచ్చులూరు మందం దగ్గర, పాపికొండలకు వెళుతున్న బోటు మునిగిపోయింది. నలభై మందికి పైగా చనిపోయారు. అడుగున సుడులు తిరిగే ఆ లోతులోంచి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి అక్టోబరు 22న బోటును గట్టుకు చేర్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు లాంచీలు ఆగాయి, నిబంధనలు పెరిగాయి. లైఫ్ జాకెట్ ఉక్కపోతగా ఉందని విప్పేసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. దయచేసి విప్పకండి. ఏరు ఎర్రబడిన రోజుల్లో అసలు వెళ్లకండి. నవంబరు తర్వాత నీరు తేరుకుంటుంది, కొండ పచ్చగానే ఉంటుంది.

జలపాతాల కోసం వెళ్లేవాళ్లది ఇంకో దారి. రాజమండ్రి నుంచి గోకవరం మీదుగా రంపచోడవరం చేరితే ఊరికి దగ్గర్లోనే రంప జలపాతం. ఇంకా పైకి ఘాట్ రోడ్డెక్కితే మారేడుమిల్లి, దాని చుట్టూ అడవిలో జలతరంగిణి, అమృతధార. వీటిలో ఏదీ హోరెత్తి గుండె అదరగొట్టే జలపాతం కాదు. రాతి మెట్ల మీద దిగుతూ, చెట్ల వేళ్ల మధ్య దాగుతూ వచ్చే నీళ్లు. అక్కడి వాగుల్లో ఎక్కువ భాగం ఎన్నో మలుపులు తిరిగి చివరికి గోదావరిలోకే వస్తాయి. బొంగులో చికెన్ తిని, సెల్ఫీ తీసుకుని తిరిగిరావడం మాత్రమే మారేడుమిల్లి ప్రయాణమైపోవడం నాకు బాధగా ఉంటుంది. 1879లో రంప పితూరీ లేచింది ఈ కొండల్లోనే. అడవి మీద, పోడు మీద, కల్లు మీద సర్కారు పెట్టిన ఆంక్షలకు ఎదురుతిరిగిన కొండవాళ్లు లేవదీసిన తిరుగుబాటు అది. 1922లో అల్లూరి సీతారామరాజు పోలీసు ఠాణాల మీద పడి తుపాకులు ఎత్తుకెళ్లిందీ ఈ మన్యంలోనే. పిల్లలతో వెళ్లినప్పుడు ఈ కథ దారిలో చెబితే ఘాట్ రోడ్డు మలుపులకు అర్థం వస్తుంది.

కొండల్లోంచి బయటపడగానే నదికి పోలవరం ప్రాజెక్టు అడ్డం వస్తుంది. 2021 జూన్ నుంచి నది తన పాత దారి వదిలి 48 గేట్ల స్పిల్‌వే మీదుగా మళ్లి పారుతోంది. ఒకప్పుడు పట్టిసీమ, పురుషోత్తపట్నం రేవుల్లో లాంచీ ఎక్కి సూటిగా పాపికొండలకు పోయేవాళ్లు. ఇప్పుడు కాఫర్ డ్యామ్ దాటి, గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. వరద వచ్చిందంటే ఆ గుడే మునుగుతుంది. దేవీపట్నం మండలంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. లాంచీలోంచి గట్టు మీద మొండిగోడలు కనిపిస్తే ఎవరి ఇళ్లో, వాళ్లిప్పుడు ఏ కాలనీలో ఉన్నారో అడిగి తెలుసుకోవడం మన బాధ్యత. ఇంకో సంగతి కూడా మన వైపు తలుచుకోవాలి. జలాశయంలో నీరు నెమ్మదిస్తే అది మోసుకొచ్చిన ఒండ్రు అడుగున పడిపోతుంది. మన లంకలకు అందాల్సిన మట్టి అది.

పట్టిసీమలో వీరభద్రుడి కొండ నడి ఏట్లో నిలబడి ఉంటుంది. శివరాత్రికి ఇసుక తిన్నెల మీదుగా జనం చీమల బారుల్లా వెళతారు. దాన్ని దాటితే ఇక కొండల్లేవు. అఖండ గోదావరి.

రాజమండ్రిలో మూడు రైలు వంతెనలు ఒకదాని పక్కన ఒకటి. రైలు లేని సీమవాళ్లకు రైలు అంటే చాలాకాలం ఈ మూడే. పాతది హేవలాక్ వంతెన. 1897లో పని మొదలుపెట్టి 1900 ఆగస్టులో రైలు నడిపారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. కట్టించిన ఇంజనీరు ఎఫ్.టి.జి. వాల్టన్. 56 ఖానాలు. మద్రాసు నుంచి హౌరాకు పోయే మెయిలు దాదాపు వందేళ్ల పాటు దీని మీదుగానే ఏరు దాటింది. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. పైన బస్సులు, కింద రైళ్లు. 1997లో కాంక్రీటు కమానుల వంతెన వచ్చింది, ఆ ఏడాదే హేవలాక్‌కు సెలవిచ్చారు. రాజమండ్రి అనగానే ఇప్పుడు సినిమాల్లో కనిపించేవి ఈ కమానులే. మా వైపు పిల్లలకు నేను చెప్పే అతి చవకైన రైలు ప్రయాణం ఒకటుంది. గోదావరి స్టేషన్‌లో పాసింజరు ఎక్కి కొవ్వూరులో దిగడం. మధ్యలో ఉన్నదంతా ఏరే. తలుపు దగ్గర కాకుండా కిటికీ దగ్గర కూర్చుంటే చాలు. పెద్దవాళ్లు చిల్లర తీసి నదిలోకి విసిరి దణ్ణం పెడతారు.

హేవలాక్‌ను నడకదారిగా, చూడదగ్గ చోటుగా మారుస్తామని ఏళ్ల తరబడి వింటున్నాం. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. అందులో ఈ వంతెన కూడా ఉంది. త్వరగా కానివ్వాలి. 2027లో మళ్లీ పుష్కరాలు. పాత ఇనుప దూలాల మధ్య నడుస్తూ ఏటిని చూసే అవకాశం అప్పటికైనా దొరికితే, ఇంతకంటే గొప్ప వారసత్వ రైలుమార్గం ఆంధ్రదేశంలో ఇంకోటి ఉండదు.

అక్కడి నుంచి కాస్త దూరంలో ధవళేశ్వరం. కోనసీమ చరిత్రలో ఇంతకు మించిన చోటు లేదు. 1833 కరువులో ఏటి పక్కనే ఉన్న జిల్లాలో జనం ఆకలితో చచ్చారు. ఏరు నిండుగా సముద్రంలోకి పోతూనే ఉంది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేశాడు. నది మధ్యలో ఉన్న లంకలను ఆసరా చేసుకుని నాలుగు ముక్కలుగా కట్టాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. పాత ఆనకట్ట బలహీనపడ్డాక 1970, 80లలో కట్టిన బ్యారేజీకి 175 గేట్లున్నాయి. బ్యారేజీ మీద రోడ్డున పోతూ ఉంటే ఒక పక్క నిండు సముద్రంలాంటి నీరు, ఇంకో పక్క ఇసుక మేటలు. కోనసీమ ఊళ్లలో గుర్రం మీద కూర్చున్న కాటన్ విగ్రహానికి దండ వేసే రైతుల భక్తి ఎక్కడిదో అర్థం కావాలంటే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడాలి.

వానాకాలం అంతా కోనసీమ చెవి ఈ బ్యారేజీ మీదే ఉంటుంది. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టు వరదను పెద్దవాళ్లు ఇప్పటికీ ఇంటి గోడ మీద చెయ్యి పెట్టి ఇక్కడి దాకా అని చూపిస్తారు. 2022 జులైలో మళ్లీ అంత భయపెట్టింది.

ఇక్కడే ఏరు చీలుతుంది. తూర్పుకు గౌతమి, పడమరకు వశిష్ఠ. మధ్యలోకి ప్రధాన కాలువ. బొబ్బర్లంక నుంచి కాలువ గట్టు మీద వస్తే ఆత్రేయపురం పూతరేకులు, లొల్ల లాకులు, ర్యాలిలో ముందు కేశవుడూ వెనక మోహినీ కలిసిన ఏకశిల. ఇదంతా సైకిలు మీద తిరగాల్సిన దారి. రావులపాలెం అరటి మార్కెట్టు, పలివెల గుడి, కొత్తపేట దాకా కాలువ మన పక్కనే నడుస్తుంది.

రైలు కోసం మాత్రం గౌతమిని పట్టుకోవాలి. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీకేసి పట్టుకుపోయారు. ఆరు దశాబ్దాల తర్వాత, 2004లో, మళ్లీ వేశారు. ఆ లైను మీద తిరిగిన రైల్‌బస్సుది ఒకే పెట్టె. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వరిచేల మధ్య నెమ్మదిగా వచ్చి గౌతమి గట్టున ఆగేది. కొండ రైళ్లకున్నంత పేరు దానికి రాలేదు గానీ, చేను అంత దగ్గరగా కనిపించే రైలు నేనెక్కడా చూడలేదు. కరోనా వచ్చి ఆ బండిని ఆపేసింది. దాన్ని వారాంతాల్లోనైనా తిప్పాలి. ద్రాక్షారామ భీమేశ్వరుడు, కోటిపల్లి సోమేశ్వరుడు, గౌతమి స్నానం, పంటు (ఏరు దాటించే బల్లకట్టు) ప్రయాణం అన్నీ ఒకే పూటలో అందుతాయి.

కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల ముక్తేశ్వరం. ఏట్లో రైలు వంతెన కోసం లేచిన స్తంభాలు కనిపిస్తాయి. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. అమలాపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకరైన బాలయోగి పట్టుబట్టి సాధించిన లైను. 2002 మార్చిలో ఆయన హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటినీ దాటాలి కనుక ఖర్చు, జాప్యం రెండూ ఎక్కువే. అయినా ఇంత జాప్యానికి మూడు పాయలు కారణమంటే నేను ఒప్పుకోను. 1897 నాటి పనిముట్లతో హేవలాక్ మూడేళ్లలో లేచింది.

అమలాపురం దాటి అంబాజీపేట కొబ్బరి రాశుల మధ్యగా పి.గన్నవరం చేరాక నాకు చాలా ఇష్టమైన కట్టడం ఉంది. వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ మీదుగా ఒక కాలువే దాటుతుంది. కింద ఏరు, పైన కాలువ. 1850లలో లెఫ్టినెంట్ హేగ్ 49 కమానులతో కట్టిన అక్విడెక్టు ఇది. దీనివల్లనే రాజోలు వైపు దీవికి సాగునీరు అందింది. పక్కనే 2000లో కట్టిన కొత్త అక్విడెక్టుకు ఈ ప్రాంతంలోనే అన్నదానం చేసిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. నీరిచ్చే కట్టడానికి అన్నం పెట్టిన తల్లి పేరు. ఇంత సరిగ్గా కుదిరిన పేర్లు అరుదు. పాత కమానుల కింద నిలబడి చూడండి. నూట డెబ్బై ఏళ్లుగా ఎన్ని వరదలు తగిలాయో ఆ రాళ్లే చెబుతాయి. ఇదే మండలంలో బూరుగులంక, ఉడిముడిలంకలాంటి ఊళ్లవాళ్లు వరద వచ్చిన ప్రతిసారీ పిల్లల్ని పడవల మీద బడికి పంపుతారు. మనకు విహారమైన పడవ వాళ్లకు నిత్యావసరం.

వైనతేయ అప్పనపల్లిని తాకుతూ పోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో పాశర్లపూడి ఉంది. 1995 జనవరిలో అక్కడ గ్యాస్ బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. రాత్రిళ్లు చుట్టుపక్కల ఊళ్లలో దీపం అక్కర్లేని వెలుతురు. వశిష్ఠ రాజోలు దిగువన దిండి దగ్గర హౌస్‌బోట్లకు చోటిచ్చి, చించినాడ వంతెన కింద నుంచి సాగి అంతర్వేదికి చేరుతుంది.

అంతర్వేదిలో నరసింహస్వామి గుడి, లైట్‌హౌస్, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. 2020 సెప్టెంబరులో స్వామి రథం కాలిపోతే మరుసటి భీష్మ ఏకాదశికి కొత్త రథం నిలబెట్టారు. పాపికొండల నుంచి వచ్చిన మట్టి చివరికి ఆగేది ఈ తీరాన. ఎగువన ప్రాజెక్టులు పెరిగిన కొద్దీ ఇక్కడికొచ్చే ఒండ్రు తగ్గింది, సముద్రం పల్లిపాలెం వైపు కోసుకొస్తోంది. సరుగుడు తోటలు, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు అక్కడ ఉన్నారు.

తిరుగు ప్రయాణానికి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి గట్టున నర్సాపురం. అక్కడ రైలు స్టేషను ఉంది. గుడివాడ, విజయవాడ వైపు బళ్లు దొరుకుతాయి. కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా రావలసిన లైను కలిసేది ఈ స్టేషనులోనే.