ఒకే గోడ, రెండు వెలుగులు

ఫొటో తీయుట మీట నొక్కుట మాత్రమేయని తలంపవద్దు. మా తిరుపతి ప్రాంతపు చిన్నవాడొకడు ఈ విద్య నేర్చుకొనుచున్నాడు. చంద్రగిరి కోటలో రాజమహలు గోడను, ఎండ ఎదురుగా పడినప్పుడొకసారి, ప్రక్కనుండి తగిలినప్పుడొకసారి తీసి నాకు చూపెను. మొదటి దానిలో గోడ చదునుగా నుండెను. రెండవ దానిలో ప్రతి గరుకును నీడతో లేచి కనబడెను. గోడ మారలేదు, వెలుగు మారెను. కెమేరా కన్ను చిన్నది చేసిన యెడల దగ్గరిదియు దూరపుదియు తేటగా వచ్చుననియు, అయితే వెలుగు తగ్గును గనుక చేయి కదలక నిలువవలెననియు తానే పరీక్షించి తెలిసికొనెను.

అయినను ఒకనాడు, "అయ్యగారూ, నా ఫొటోలు అందరి మాదిరే ఉండాయి. మానుకుంటా" అనెను.

అతనికి వరంగల్లువాడైన భరత్ భూషణ్ సంగతి చెప్పితిని. 2022లో మరణించిన ఆ ఛాయాచిత్రకారుడు తెలంగాణ పల్లెల స్త్రీలను, బతుకమ్మను, పాత యిండ్ల తలుపులను ఏండ్ల తరబడి తీసెను. తనవారిని విడువక చూచుటచేతనే ఆయన బొమ్మకు ఆయన ముద్ర కలిగెను.

ఇప్పుడు ఆ చిన్నవాడు శెనక్కాయలు ఒలుచు తన అవ్వను ప్రతి సాయంకాలమును తీయుచున్నాడు. ఆధార్ కార్డు మీద తప్ప ఆమె ఫొటో ఆ యింట అంతకుముందు లేదు. చదువరీ, నీ యింటివారి ముఖములను నీవు నిదానించి చూచి ఎంతకాలమైనది?