ఉగాదికి విత్తితే బతుకమ్మకు బంతి

అమెరికాలో తెలంగాణ వాళ్లున్న ప్రతి ఊళ్లోనూ భాద్రపదం రాగానే ఒకటే ఆరా: బతుకమ్మకు పూలెక్కడ దొరుకుతాయి? ఒకరు టోకు పూల అంగడి చిరునామా చెబుతారు. ఒకరు కార్నేషన్లు, చామంతులు పెట్టెలకొద్దీ తెప్పిస్తారు. ఇంకొకరు నిరుటి ప్లాస్టిక్ పూల దండలు బయటికి తీస్తారు. ఈ వెతుకులాటలో ఉన్న ప్రేమను నేను తక్కువ చేయను. ఉద్యోగాలు, పిల్లల చదువుల నడుమ ఒక పండుగను నిలబెట్టుకోవడం తేలికైన పని కాదు. కాని పూల గురించి భాద్రపదంలో ఆలోచించడమంటే ఆరు నెలలు ఆలస్యంగా ఆలోచించడమే. నాలుగు గజాల నేల ఉన్న ప్రతి ఇల్లూ తన బతుకమ్మకు కావలసిన బంతిని తానే పెంచుకోవాలన్నది నా వాదన. డబ్బు మిగులుతుందని ఈ మాట అనడం లేదు. బతుకమ్మ ఏ నేల మీద, ఏ తీరున పెరిగిన పండుగో గమనిస్తే, పూలు పెంచడం కూడా ఆ పండుగలో భాగమేనని తెలుస్తుంది.

నల్లగొండ, పాలమూరు చెలకలను తలచుకోండి. గుట్టలు, బండలు, వాటి నడుమ లోతు లేని ఎర్రనేల. నీరు నిలవదు, వాన తప్పితే పంట తప్పుతుంది. కృష్ణానది దక్షిణపు అంచున పారుతున్నా మెట్ట ఊళ్లకు తరతరాలుగా దిక్కు నైరుతి వానే. జూన్‌లో మొదలైన ఆ వాన వెనుదిరిగే వేళకు బీళ్ల మీద తంగేడు విరగబూస్తుంది. చేలల్లో, గట్ల వెంట గునుగు తెల్లగా లేస్తుంది. పాదు మీద గుమ్మడి, పెరట్లో బంతి, సీతజడ పూతకొస్తాయి. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు పేర్చేది ఈ పూలనే. వీటిలో తంగేడు, గునుగు ఎవరూ విత్తనివి. పొద్దున్నే పోయి కోసుకురావడమే మన పని. బంతి అలా కాదు. దాన్ని ఇంటివాళ్లు నారు పోసి, బాయి గడ్డనో స్నానాల నీళ్లు పారే చోటనో నాటి పెంచుతారు. అంటే బతుకమ్మలో నేల తనంతట తాను ఇచ్చే వంతు ఒకటుంది, మనిషి చెమటోడ్చి ఇచ్చే వంతు ఒకటుంది. ఆ రెండో వంతు బంతిది. దేశం మారినప్పుడు మొదటి వంతు మన చేతిలో ఉండదు, రెండోది ఉంటుంది.

తంగేడు లేని బతుకమ్మ ఏం బతుకమ్మ అని అడిగేవాళ్లున్నారు. ఆ మాటలో నొప్పి ఉంది, దాన్ని గౌరవించాలి. 2014లో తెలంగాణ బతుకమ్మను రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకుంది. అయితే చలిదేశపు మంచుకు తంగేడు తట్టుకోదు. విత్తనాలు సంచిలో పెట్టుకొద్దామన్నా, చీడపీడల భయంతో అమెరికా నాటే విత్తనాలకు తనిఖీ ధ్రువపత్రం అడుగుతుంది. మరి బంతి రెండో రకం పువ్వా? దాని చరిత్ర అలా చెప్పదు. బంతి పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా. 16వ శతాబ్దం నుంచి సాగిన సముద్ర వర్తకంలో, పోర్చుగీసుల ద్వారా మన దేశానికి చేరింది. మెక్సికోలో నవంబరు మొదటి రెండు రోజులు చనిపోయినవారిని తలచుకునే పండుగకు నేటికీ సమాధులను బంతితోనే అలంకరిస్తారు. పసుపు గౌరమ్మను కూర్చోబెట్టే గుమ్మడి పువ్వుదీ అమెరికా ఖండాల మూలమే. పాలమూరు జిల్లా బాలానగర్ పేరుతో దేశమంతా ఎరిగిన సీతాఫలం రకం ఉంది, ఆ సీతాఫలమూ అటు నుంచి వచ్చిందే. చామంతి చైనాది. వీటిని పరాయివని మన అవ్వలు పక్కన పెట్టలేదు. మన వానకు తడిసి, మన కాలానికి పూసిన ప్రతి పువ్వుకూ బతుకమ్మలో ఒక వరుస దక్కింది. కాబట్టి తంగేడు దొరకని చోట బంతి ముందుకు రావడం పండుగ పలచబడటం అనిపించుకోదు. పండుగ ఎప్పటినుంచో నడుస్తున్న దారే అది. మగ్గాన్ని నమ్ముకుని సోలాపూర్, భీవండి చేరిన తెలంగాణ నేతన్నలు మనకంటే ముందే ప్రవాసులు. అక్కడి తెలుగు వాడల్లో బతుకమ్మ నేటికీ ఆడుతున్నారు.

అలాగైతే ఏ పువ్వైనా చెల్లుతుందిగా, ప్లాస్టిక్ మాత్రం చేసిన పాపమేమిటి అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఏదైనా చెల్లుతుందని నేననడం లేదు. పువ్వు ఏ ఖండంలో పుట్టిందన్నది నాకు ముఖ్యం కాదు, ఎవరి చేతుల్లో పెరిగింది, చివరికి ఏ మట్టిలో కలిసింది అన్నవే ముఖ్యం. ప్లాస్టిక్ పువ్వు పెరగదు, వాడదు, మట్టిలో కలవదు. వాడిపోయే పూలను పేర్చి, ఆడి, నీటికి అప్పగించి, మర్నాడు మళ్లీ కొత్తగా పేర్చడమే ఈ పండుగ నడక. వాడని పువ్వుతో ఆ నడక ఆగిపోతుంది. అమెరికా అంగళ్లలో అమ్మే పూలలో అధికభాగం విదేశాల నుంచి విమానాల్లో దిగినవే, వాటిలో కొలంబియాది పెద్ద వాటా. వాటిని వాడటం తప్పని చెప్పను. అయితే అలాంటి పూలతోనే పెరిగిన పిల్లలకు బతుకమ్మ అంటే ఒక సాయంత్రపు అలంకరణగా మిగులుతుంది. తల్లిదండ్రులతో కలిసి నారు పోసిన పిల్లలకు వానా, ఎండా, పురుగూ, పూతా పండుగతో ముడిపడి ఉన్నాయని ఎవరూ వివరించనక్కర్లేదు.

చలిదేశంలో ఇది సాధ్యమా అన్నది అసలైన సందేహం. సాధ్యమే, అయితే లెక్క తెలిసి చేయాలి. మంచు పడితే బంతి బతకదు కాబట్టి, వసంతంలో చివరి మంచుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఇంట్లోనే కుండీల్లో విత్తాలి. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో అది మార్చి చివర, ఏప్రిల్ మొదలు. మంచు భయం తీరాక మేలో బయట నాటాలి. మొక్క జానెడు దాటాక తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు పెరుగుతాయి. దండలకు పనికొచ్చే పొడుగు ముద్దబంతి పగళ్లు పొట్టివవుతున్నప్పుడు ఇంకా బాగా పూస్తుంది. అందుకే ఎండాకాలం నడిమిలో ఆకే కనిపిస్తున్నా కంగారు పడనక్కర్లేదు, ఆగస్టు తరువాత పూత ఊపందుకుంటుంది. చెలకలో పెరిగే మొక్కకు బలమైన మట్టి అక్కర్లేదు, ఎరువు ఎక్కువైతే ఆకు పెరిగి పువ్వు తగ్గుతుంది. చిక్కంతా అధికమాసంతో వస్తుంది. 2022లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబరు 25న వచ్చింది. అధిక శ్రావణం పడిన 2023లో అది అక్టోబరు 14కు జరిగింది. షికాగో లాంటి చోట్ల తొలి మంచు పడే రోజులవి. అలాంటి ఏడాది కొన్ని మొక్కలు కుండీల్లో ఉంచి రాత్రుళ్లు లోపలికి తేవాలి, లేదా దుప్పటి కప్పాలి. పంచాంగాన్ని, వాతావరణాన్ని పక్కపక్కన పెట్టుకుని చూడటం మన ఊళ్లో రైతులు ఎప్పుడూ చేసే పనే.

తీరిక లేదు, పెరడు లేదు, కొంటే పోయేదానికి ఇంత శ్రమెందుకు అనేవాళ్లకు నా జవాబు ఇది. పూలన్నీ ఇంట్లోనే పండాలని నేను కోరడం లేదు. బాల్కనీలో రెండు కుండీలున్నా బతుకమ్మలో ఒక వరుస సొంత పూలది అవుతుంది. మిగతావి కొనుక్కోవచ్చు, పెరడున్న పొరుగువాళ్లు పంచవచ్చు. ఇదే మాట మన ఊళ్ల విషయంలో అంటే మరో అభ్యంతరం వస్తుంది: అందరూ ఇంట్లో పెంచుకుంటే బంతి రైతు ఏమవుతాడు? నిజమే, దసరా, దీపావళికి హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్‌లో అమ్ముడుపోయే బంతి మీద ఎన్నో చిన్న కుటుంబాలు ఆధారపడ్డాయి. అయితే నగరంలోని దుకాణాలు, గుళ్లు, వాహన పూజలు, పెళ్లిళ్లు ఆ పంటను కొంటూనే ఉంటాయి. పల్లెటూరి వాకిట్లో పది మొక్కలు ఆ గిరాకీని తగ్గించవు. రైతును దెబ్బతీసేది ఒకే వారంలో అందరి పంటా మార్కెట్‌కు రావడం, కోసిన పువ్వు నిలవ ఉండకపోవడం. దానికి పరిష్కారం శీతల గిడ్డంగుల్లో, వేర్వేరు తేదీల్లో విత్తడంలో వెతకాలి.

పూల మాట అటుంచితే, పెరట్లో బంతి ఉంటే పురుగులే రావని చాలామంది నమ్మకం. ఈ విషయంలో అతిగా చెప్పడం మన వాదనకే చేటు. బంతి వేళ్లలో ఉండే ఆల్ఫా టెర్థియెనిల్ అనే పదార్థం నులిపురుగులను అణచగలదు. కాని టమాటా నడుమ రెండు మొక్కలు పెడితే ఆ ఫలితం రాదు. ఒక మడి నిండా ఒత్తుగా బంతి వేసి, రెండు మూడు నెలలు పెరగనిచ్చి, ఆ తరువాత అక్కడ కూరగాయలు వేస్తే వస్తుంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ టమాటాకు సూచించిన పద్ధతి ఇంకా కచ్చితమైనది: ప్రతి 16 వరుసల టమాటాకు ఒక వరుస పొడుగు బంతి, 25 రోజుల టమాటా నారుతో పాటు 40 రోజుల బంతి నారు. రెండూ ఒకేసారి పూతకొస్తే శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు బంతి మీద గుడ్లు పెడుతుంది. నల్లగొండ పత్తి చేలల్లోనూ బంతిని ఎర పంటగా వేయమనేది ఇందుకే. ఎర మీద చేరిన పురుగును ఏరకపోతే మాత్రం అదే పురుగుల పెంపకం అవుతుంది. 2019లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, పొట్టి రకం బంతి విడుదల చేసే లిమొనీన్ వాసన గాజింట్లో టమాటాను తెల్లదోమ నుంచి కాపాడుతుందని చూపారు. కాబట్టి మేలు ఉంది, దానికి షరతులూ ఉన్నాయి.

అలాగే బతుకమ్మ పూలు చెరువు నీటిని శుద్ధి చేస్తాయనే మాటనూ జాగ్రత్తగా పట్టుకోవాలి. వానలకు నిండిన ఊరి చెరువులో ఊరి ఆడవాళ్లు వదిలే పూలు కలిసిపోతాయి. పార్కులోని చిన్న కుంటలో వందల బతుకమ్మలను ఒకేసారి వదిలితే, పూలు కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును లాగేస్తాయి, చేపలకు అది ముప్పు. అనుమతి లేని నీళ్లలో వదలకుండా, ఒక తొట్టిలో సాగనంపి, ఆ పూలను ఎరువు గుంతకు చేర్చడం మేలు. అది వచ్చే ఏటి నారుమడికి బలం. వాడిన ముద్దబంతి ఒకటి రెండు ఎండబెట్టి దాస్తే విత్తనమూ చేతిలో ఉంటుంది. సంకర రకాల విత్తనం తల్లిలా రాదు కాబట్టి, క్రాక్‌జాక్ లాంటి మామూలు రకంతో మొదలుపెట్టడం మంచిది.

ఈ వాదన ప్రవాసులకే అన్వయిస్తుందని నేననుకోవడం లేదు. హైదరాబాద్ దారుల వెంట చెలకలు ప్లాట్లవుతున్నాయి, కలుపు మందులు గునుగును మొలకలోనే మాడుస్తున్నాయి, పల్లెల్లోనూ తంగేడు కట్టలు సంతలో కొనే రోజులు వచ్చాయి. ఊరి పండుగ కోసం ఇక్కడి నుంచి డబ్బు పంపేవాళ్లం వేదికలకు, మైకులకు ఇచ్చే దానిలో కొంత బడి ఆవరణలో బంతి మడులకు, చెరువు గట్టున తంగేడు, గునుగు పెరగడానికి వదిలే జాగాకు ఇవ్వవచ్చు. ఇక్కడ చేయగలిగింది ఇంకా సులువు. ప్రతి తెలుగు సంఘమూ ఉగాది సభ జరుపుతుంది, ఉత్తరాదిలో బంతి ఇంట్లో విత్తే అదును సరిగ్గా అప్పుడే. ఆ సభలో పచ్చడితో పాటు ప్రతి ఇంటికీ ఒక బంతి విత్తనాల పొట్లం ఇవ్వండి, ఎలా పెంచాలో ఒక కాగితం జతచేయండి. బతుకమ్మ ఆహ్వానంలో ఒక్క మాట చేర్చండి: మీ ఇంట పూసిన పూలతో రండి. మొదటి ఏడాది పది ఇళ్ల నుంచే రావచ్చు. ఆ పది ఇళ్ల విత్తనాలే రెండో ఏడాది ఉగాదికి పంచడానికి సరిపోతాయి.